మా లెక్కల టీచర్ రాసిన మంత్రాల కాగితం

మొన్న బుధవారం పొద్దున మా లెక్కల టీచర్ చనిపోయారు. నేను జిరాక్స్ షాపు షట్టరు సగం ఎత్తి ఉండగా ఫోను వచ్చింది. చేసింది టీచర్ పక్కింటి కోడలు మమత. "అక్కా, టీచర్ పోయింది. నేను దవాఖాన్లనే ఉన్న, నువ్వు రా" అని పెట్టేసింది. ఆ గొంతులో ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వినిపించింది. నాకూ ముందు వచ్చింది కోపమే. అరవై నాలుగేళ్ళు పోయే వయసు కాదు.

మా బడి పాత విద్యార్థులు ఆమె పేరున ఒక చిన్న సంచిక వేస్తున్నారు. అందులో నన్నొక వ్యాసం రాయమన్నారు. విషయం తెలిసి నాదర్‌గుల్‌లో ఉండే టీచర్ తమ్ముడు నన్ను పక్కకు పిలిచారు. "అక్క గురించి మంచిగ రాయి బిడ్డా. ఎంతమందికి చదువు చెప్పింది, ఎన్నేండ్లు చేసింది, గవన్నీ రాయి. ఆ మంత్రాల ఆట ముచ్చట మాత్రం ఎత్తకు. అయిపోయిన లొల్లి మళ్ళెందుకు?" అన్నారు. ఆయన దుఃఖంలో ఉన్నారని తల ఊపాను. ఇప్పుడు ఆ మాట తప్పుతున్నాను. ఆ ఆట గురించే రాస్తాను. దాన్ని తీసేసి రాస్తే మిగిలేది ఎవరో ఒక మంచి టీచర్. మా టీచర్ కాదు.

ఇబ్రహీంపట్నం సర్కారు బడిలో ఆమె నాకు ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు చెప్పారు. సుద్దముక్కలు పాత టిఫిన్ డబ్బాలో వేసుకుని తెచ్చుకునేవారు. బడిలో ఇచ్చే సుద్ద నల్లబల్ల మీద గీరుకుంటుందని ఆమె ఫిర్యాదు. ఏ లెక్కయినా మొదలుపెట్టే ముందు, "అందాజుగ చెప్పు, ఎంతొస్తది?" అని అడిగేవారు. తప్పు చెప్పినా ఏమనేవారు కాదు. చెప్పకపోతేనే కోపం. "నోట్లకెళ్ళి ఏదో ఒక అంకె రానియ్యి, తర్వాత దిద్దుకుందం" అనేవారు.

నేను ఆమె మెచ్చే విద్యార్థిని కాదు. మా బాపు పెద్దచెరువులో చేపలు పట్టి నన్ను శేరిగూడలో ఇంజనీరింగ్‌లో చేర్పించాడు. మూడో ఏడు దాకా లాగి, తొమ్మిది సబ్జెక్టులు ఫెయిలై ఇంట్లో కూర్చున్నాను. అందులో సగం లెక్కలే. ఆ తర్వాత బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పనికి కుదిరాను. ఒకరోజు టీచర్ షాపుకు వస్తుంటే చూసి, గబుక్కున మిషను వెనక్కి వంగాను.

"మిషన్ ఎనక దాసుకుంటే కనవడవా? ఇటు రా" అన్నారు. "ఈ ముప్పై పేజీలు రెండు దిక్కుల కొట్టు."

చదువు సంగతి ఏమీ అడగలేదు. ఆ కాగితాల సంగతి నేనే అడిగాను, ఎందుకంటే అందులో కత్తులు, రాక్షసులు, నిప్పులు కక్కే బొమ్మలు ఉన్నాయి.

అవి శేరిగూడ హాస్టల్లో ఉండే స్రవంతి అనే ఇంజనీరింగ్ అమ్మాయివి. సంభావ్యత అర్థం కాక టీచర్ దగ్గరికి వచ్చింది. ఒక పాచిక వేస్తే మంచిదా, రెండు వేసి పెద్దది తీసుకుంటే మంచిదా, ఎంత తేడా అని ప్రశ్న. టీచర్ అది లెక్కగట్టి ఇచ్చి, "ఇంతకు గిది దేనికి?" అని అడిగారు. స్రవంతి తన సంచిలోంచి ఇరవై ముఖాల పాచిక తీసి చూపించింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో టీచర్ ఆ పాచికను అరచేతిలో తిప్పి తిప్పి చూశారట. మరుసటి ఆదివారం ఆట మొదలైంది. కాగితాలు కొట్టిన నన్ను కూడా రమ్మన్నారు.

తెలియనివాళ్ళకు ఆ ఆట ఏమిటో చెప్పాలి. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరు ఒక పాత్ర. ఒకరు యోధుడు, ఒకరు దొంగ, ఒకరు మాంత్రికురాలు. "మీ ఎదురుంగ గుహ ఉన్నది, లోపల్నుంచి గుర్రుమంటున్న సప్పుడు. ఏం జేస్తరు?" అని కథ నడిపేవారు అడుగుతారు. మనం చెప్పింది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. బోర్డు ఉండదు. గెలుపోటములు కూడా పెద్దగా ఉండవు. ఉండేది చాపమీద కూర్చున్న నలుగురు, ఒక కథ.

కథ నడిపేది టీచర్. ఆడేది స్రవంతి, నేను, లైన్‌మన్ యాదగిరి అన్న. యాదగిరి అన్న ఆమె ఇంటి సర్వీసు వైరు బాగుచేయడానికి వచ్చి, నిచ్చెన మీదినుంచి కథ విని, దిగాక వెళ్ళలేదు. "నాకు మంత్రాలు గింత్రాలు వద్దు టీచరమ్మ, కత్తియ్యి" అన్నాడు. కత్తి అతనికి, దొంగ పాత్ర స్రవంతికి పోయాయి. మాంత్రికురాలు నాకు వచ్చింది.

ఆ ఆటలో మాంత్రికులు రెండు రకాలు. ఒకరు పుస్తకాలు చదివి వంద మంత్రాలు నేర్చినవారు. ఇంకొకరికి పుట్టుకతోనే నాలుగు మంత్రాలు వస్తాయి, అంతే. కానీ ఈ రెండోవాళ్ళకు ఒక సత్తా ఉంది. ఉన్న మంత్రాన్ని వేసేటప్పుడే మార్చగలరు. ఆటలో టీచర్‌కు అన్నిటికంటే నచ్చింది ఇదే. వాటికి 'మలుపులు' అని పేరు పెట్టారు.

"పుస్తకపోడు వంద నేర్చుకుంటడు. నీకు నాలుగే వస్తయి. కని ఆ నాలుగు ఇరవై తీర్ల వాడుతవు. సర్కారు బడి పిల్లల లెక్క" అని నాతో అన్నారు.

మంత్రానికి ఇంత దూరం పోవాలి, ఇందరికి తగలాలి, ఇంతసేపు ఉండాలి అని హద్దులు ఉంటాయి. నోటితో పలకాలి, చేత్తో సైగ చేయాలి. మలుపు అంటే వీటిలో ఒక హద్దును జరపడం. జరిపినప్పుడల్లా ఖర్చు. ఆ ఖర్చుకు టీచర్ చింతగింజలు పెట్టారు. నా మాంత్రికురాలు మొదట్లో మూడు గింజలతో ఉండేది. అనుభవం పెరిగేకొద్దీ గింజలు పెరుగుతాయి. అయిపోతే, కథలో రాత్రంతా పండుకుని లేస్తేనే తిరిగి వస్తాయి. ఒక మంత్రానికి ఒకే మలుపు. అన్నిటికన్నా కష్టం ఏమిటంటే, మలుపులు ఏడు ఉన్నా మొదట రెండే ఎంచుకోవాలి. మిగిలినవి మనవి కావు.

నేను రెండు ఎంచుకోవడానికి రెండు వారాలు తీసుకున్నాను. చివరికి దూరం, జంట తీసుకున్నాను. దూరపు మలుపుతో మంత్రం రెట్టింపు దూరం పోతుంది. జంట మలుపుతో ఒక్కరికి తగిలే మంత్రం ఇద్దరికి తగులుతుంది. మంత్రం ఎంత పెద్దదైతే అన్ని గింజలు ఇచ్చుకోవాలి. గట్టిగా కొట్టేవే ఏరుకున్నానని సంతోషపడ్డాను. మూడో ఆదివారం ఒక పాడుబడ్డ కోటలో తోడేళ్ళు చుట్టుముడితే నిప్పుల మంత్రం వేశాను. తోడేళ్ళు కాలాయి. మధ్యలో ఉన్న యాదగిరి అన్న కూడా కాలాడు.

"నన్ను గూడ కాల్చినవ్ గదనే!" అని అతను నిజంగానే చాపమీద వెనక్కి జరిగాడు.

"మినహాయింపు మలుపు తీసుకోలే గద ఆమె" అన్నారు టీచర్, పాచికల మీంచి తల ఎత్తకుండా. "అది ఉంటే నిప్పుల మనోళ్ళను ఇడిచిపెట్టొచ్చు. దెబ్బ పెద్దగ కొట్టుడే చూసుకున్నది, ఎవలు నిలవడ్డరో చూసుకోలే."

నేను నవ్వుతూ ఇంటికి పోయాను గానీ ఆ మాట చాలా రోజులు తిరిగింది నాలో.

ఇంగ్లిషు నియమాలు గబగబా చదవలేక నేను ప్రతిసారీ ఆట ఆపుతుంటే, టీచర్ ఒకరోజు ఏడు మలుపులనూ ఒకే కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చారు. గుండ్రటి అక్షరాలు, కింద గీతలు. 'పొడిగింపు', 'మినహాయింపు' అని సర్కారు ఉత్తర్వుల భాష. "రెండు కాపీలు తీసుకో, ఒకటి స్రవంతికియ్యి" అన్నారు. మర్నాడు షాపులో తీసుకున్నాను. కాపీలు సంచిలో పెట్టుకున్నాను. అసలు కాగితాన్ని మిషను మూత కింద అద్దం మీదే మరిచిపోయాను.

జరిగిందంతా ఆ మరుపు వల్లే జరిగింది. ఇది నేను ఎక్కడా ఇంతవరకు రాయలేదు, టీచర్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు.

టీచర్ పెళ్ళి చేసుకోలేదు. రెండు గదుల సొంత ఇంట్లో ఒక్కరే ఉండేవారు. ఆమెకు పడమటి పక్కన జంగయ్య ఇల్లు. జంగయ్య కొడుకు కూడా ఆమె దగ్గరే చదువుకున్నాడు. ఆ మధ్యాహ్నమే జంగయ్య ఆధార్ కార్డు జిరాక్సుకు మా షాపుకు వచ్చాడట. నేను భోజనానికి పోయి ఉన్నాను. మూత ఎత్తితే కాగితం కనిపించింది. టీచర్ చేతిరాత ఆ గల్లీలో అందరికీ తెలుసు.

ఆదివారం పొద్దున మేము నలుగురం వరండాలో చాప పరుచుకుంటున్నాం. గేటు ముందు ఇరవైమంది దాకా పోగయ్యారు. ముందు జంగయ్య.

"ఇగో, ఈ కాగితం ఎవల్ది?"

"నాదే" అన్నారు టీచర్.

జంగయ్య వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా చదివాడు. "మౌన మలుపు. నోరు మెదపకుండా, చెయ్యి కదపకుండా మంత్రం వేయుట. ఎవరు వేశారో ఎదుటివారికి తెలియదు." గుంపులో గుసగుస లేచింది. "దూరపు మలుపు. ముట్టుకుంటే తప్ప పారని మంత్రం ముప్పై అడుగుల దూరము నుండి పారును. ఇన్నరా? మా ఇంటికి నీ ఇంటికి ముప్పై అడుగులు గూడ లేదు!"

బాణామతి అనే మాట ఇంకా ఎవరూ అనలేదు. కానీ అది అక్కడ అందరి నోళ్ళలో ఉంది. ఆ మాట పడ్డవాళ్ళను కట్టేసి కొట్టడం, పళ్ళు ఊడబెరకడం గురించి మా నాయనమ్మ చెప్పేది. అవి పాత కథలని అనుకునేదాన్ని. ఆ ఇరవైమంది మొహాలు చూశాక అలా అనిపించలేదు.

యాదగిరి అన్న ఫోను తీశాడు. "టీచరమ్మ, పోలీసులకు చేస్త."

"చెయ్యకు" అన్నారు ఆమె. "వాళ్ళొస్తే వీళ్ళు ఇండ్లకు పోతరు. అనుమానం ఈడ్నే ఉంటది."

మెట్లు దిగి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచారు. "చదువుడు ఆపినవేంది జంగయ్యా? ఇంక ఐదున్నయి. పూర్తిగ చదువు."

జంగయ్య చదవలేదు. కాగితం ఆమెకు అందకుండా వెనక్కి పెట్టుకున్నాడు.

"లోపల కూసొని ఆడుతున్నమనే గద మీకు అనుమానం" అని, నా కాళ్ళ కింది చాప లాగి, చంకన పెట్టుకుని వెళ్ళి నడి గల్లీలో పరిచారు. పాచికలు, గింజలు, పెన్సిళ్ళు అన్నీ దాని మీద పోశారు. "ఇగో, నడి తొవ్వల ఆడుత. అందరు చూడున్రి. గిది ఆట. కచ్చకాయలు ఆడుకున్నట్టు, పచ్చీసు ఆడుకున్నట్టు. మంత్రం ఉత్తుత్తది, రాక్షసుడు ఉత్తుత్తోడు. లెక్క ఒక్కటే నిజం."

మమ్మల్ని పిలిచారు. యాదగిరి అన్న వచ్చి కూర్చున్నాడు. స్రవంతి ఏడుస్తూనే వచ్చింది. నేను చివర వెళ్ళాను.

టీచర్ నిలబడే ఉండి, బడిలో చెప్పినట్టే చెప్పారు. మంత్రం హద్దు ఏమిటి, మలుపు ఏమిటి, ఒక్కో మలుపుకు ఎన్ని గింజలు. గుంపులో సగంమంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే. చేతులు కట్టుకుని వింటున్నారు, అలవాటు కొద్దీ. ఒక తాపీ మేస్త్రీ అడిగాడు.

"మరి గింజలైపోతే?"

"అయిపోతే అంతే. పండుకొని లేస్తెనే మళ్ళ వస్తయి."

"అంటే మంత్రగాడు గూడ మన లెక్క కూలోడే అన్నట్టు."

ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు నవ్వారు. గుంపు అంచున ఉన్న ఇద్దరు ముగ్గురు జారుకున్నారు. జంగయ్య మాత్రం నవ్వలేదు.

"నగుడు గాదు" అన్నాడు. "నా కోడలు పది దినాల సంది లేస్తలేదు."

టీచర్ చేతిలోని పాచికను కింద పెట్టారు. "ఏమైంది మమతకు?"

"జరం. తిండి లేదు. ఏందేందో మాట్లాడ్తది."

"రక్త పరీక్ష చేపిచ్చిన్రా?"

జంగయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఎవలకు చూపెట్టిన్రు?"

"తాయెత్తులాయనకు. ఆయనే చెప్పిండు. ఒంటిగ ఉండే ఆడిది, ఇల్లు తూర్పు దిక్కున్నది అని."

"తూర్పు దిక్కు ఒంటిగ ఉండేది నేనే. ఒప్పుకుంట" అన్నారు టీచర్. "ఇగ నడువు. ఆ పిల్లను ఆటో ఎక్కిద్దం."

"నువ్వు నా కోడల్ని ముట్టద్దు."

"ముట్ట. డ్రైవర్ పక్కకు కూసుంట."

అలాగే కూర్చున్నారు. వెనక మమతను ఆమె అత్త ఒడిలో పడుకోబెట్టుకుంది. జంగయ్య బండి మీద వెనకాలే వెళ్ళాడు. టైఫాయిడ్ అని తేలింది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే కష్టమయ్యేదని డాక్టరు చెప్పారు. టీచర్ సాయంత్రం దాకా దవాఖానా వరండాలో ఉండి, సెలైను ఎక్కడం చూసి, బస్సులో తిరిగి వచ్చారు.

ఇక్కడితో జంగయ్య వచ్చి కాళ్ళ మీద పడ్డాడని రాస్తే బాగుంటుంది. పడలేదు. ఈరోజుకీ క్షమించమని ఒక్క మాట అనలేదు. ట్యూషన్‌కు వచ్చే పిల్లల్లో నలుగురు మానేశారు. ఎవరో పై ఆఫీసుకు ఉత్తరం రాస్తే సంజాయిషీ అడిగారు. ఆమె సంజాయిషీ రాసి, దానికి మలుపుల కాగితం జత చేసి, 'పరిశీలనార్థం' అని పంపారు. జవాబు రాలేదు.

ఆ సోమవారం టీచర్ షాపుకు వస్తే నా తప్పు ఒప్పుకున్నాను. కాగితం మిషను మీద మరిచింది నేనే అని చెబుతుంటే నా కళ్ళలో నీళ్ళు. ఆమె విన్నారు.

"మూత ఎత్తి చూసుకోవాలె. గంతే" అన్నారు. తర్వాత సంచిలోంచి కొత్తగా రాసిన కాగితం తీశారు. అవే ఏడు మలుపులు. పైన పెద్ద అక్షరాలతో 'ఇది ఆట. ఆదివారం పొద్దున. ఎవరైనా రావచ్చు' అని ఉంది. కింద ఆమె పేరు.

"వంద కాపీలు కొట్టు" అన్నారు.

నాకు భయం వేసింది. "టీచర్, ఇప్పుడే చల్లారింది గద, ఎందుకు మళ్ళ..."

"చల్లారలే. అందరు గుసగుస పెట్టుకుంటున్నరు. గుసగుస పెట్టేదేదో కాగితం చూసి పెట్టమను."

మొదటి కాపీ ఆమె ఇంటి గేటుకే అంటించాం. మిగతావి గల్లీ గల్లీకి పంచాను. కొందరు నా ఎదురుగానే చింపారు. మళ్ళీ ఇచ్చాను. నా బతుకులో నేను మొండిగా చేసిన మొదటి పని అది.

అప్పటినుంచి వాన పడితే తప్ప ఆట లోపల ఆడలేదు. నడి గల్లీలోనే. బండ్లు హారను కొట్టి, తిట్టి, పక్కనుంచి పోయేవి. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం మమత వచ్చి చాప అంచున నిలబడింది. జుట్టంతా ఊడి, కొత్తగా వస్తోంది.

"నేను గూడ ఆడొచ్చా?"

"మీ మామ?" అని నేనే అడిగాను.

"ఇంట్లనే ఉన్నడు. చూస్తున్నడు" అంది, వెనక్కి తిరగకుండా.

టీచర్ జరిగి చోటిచ్చారు. మమత కూడా మాంత్రికురాలినే తీసుకుంది. రెండు మలుపుల్లో మొదటిది మౌన మలుపు. ఎందుకని స్రవంతి అడిగితే, "ఇంట్ల అలవాటే గద" అంది. టీచర్ కాసేపు ఆమెను చూసి, "నీకైతె గింజ తీసుకోకుండ ఇయ్యాలె ఆ మలుపు. కని నియమం నియమమే, పెట్టు" అన్నారు. మమత నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ ఆట వల్ల నా జీవితం మారిపోయిందని రాయను. నేను ఇంజనీరింగ్ పూర్తి చేయలేదు. ఆ తొమ్మిది సబ్జెక్టులు అట్లాగే ఉన్నాయి. షాపు ఇప్పుడు నాది, అంతే. మిషను వెనక మాత్రం దాక్కోవడం లేదు.

రిటైరైన తర్వాత టీచర్ గుండె బలహీనపడింది. నాలుగు వాక్యాలు చెబితే ఆయాసం. కథ నడపడం నాకు అప్పగించి, పోయిన ఏడాది మొదటిసారి ఆమె పాత్ర తీసుకున్నారు. మాంత్రికురాలే. "మౌనం తీసుకోండి టీచర్, మాట్లాడే పని తప్పుతది" అన్నాను, ఏదో చమత్కారంగా.

"మౌనమా? నా జన్మల లేదు" అన్నారు. "తొందర మలుపు ఇయ్యి. ఒక్క అదనుల రెండు పనులు చెయ్యొచ్చు. నాకు టైం తక్కువున్నది."

రెండోది తిరగవేత. పాచికలు చిన్న అంకెలు చూపిస్తే ఒక గింజ ఇచ్చి కొన్నింటిని మళ్ళీ వేసుకోవచ్చు. కానీ రెండోసారి ఏది పడితే అది ఒప్పుకోవాలి, మొదటిదానికంటే తక్కువైనా సరే. ఇంకో మలుపుతో కలిపి వాడుకోనిచ్చేది అదొక్కటే. ఒక ఆదివారం ఆమెకు ఒకటి, ఒకటి, రెండు పడ్డాయి. గింజ విసిరి మూడూ మళ్ళీ వేశారు. ఒకటి, ఒకటి, ఒకటి. యాదగిరి అన్న, "ఎవలు చూడలే టీచరమ్మ, ఇంకోపారి ఎయ్యి" అన్నాడు.

"నేను చూసిన" అన్నారు ఆమె. ఆ పోరాటంలో ఆమె పాత్ర చనిపోయింది. కాగితం మడిచి పక్కన పెట్టి, మరుసటి ఆదివారానికే ఇంకో పాత్రను రాసుకుని వచ్చారు. అదే మాంత్రికురాలు, అవే రెండు మలుపులు, పేరొక్కటి వేరు.

అంత్యక్రియల రోజున ఒక పెద్దమనిషి, "మంచి మనిషే పాపం, ఆ ఆటొకటి లేకపోతే" అన్నారు. "ఆ ఆట ఉండబట్టే నా కోడలు బతికింది అననీకె నోరు రాదు కొందరికి" అని ఒక గొంతు వినిపించింది. తిరిగి చూస్తే జంగయ్య భార్య. జంగయ్య గల్లీ అవతలి వైపు నిలబడి ఉన్నాడు. ఇటు రాలేదు. చెప్పులు మాత్రం విడిచి నిలబడ్డాడు. అదేమిటో ఆయనకే తెలియాలి. నేను క్షమించలేదు. టీచర్ క్షమించారో లేదో ఎప్పుడూ చెప్పలేదు. ఆమె ఆయన్ని రోజూ పలకరించేవారు, ఆయన జవాబు చెప్పకపోయినా.

ఈ ఆదివారం కూడా ఆడాం. తాళం వేసిన గేటు ముందు, నడి గల్లీలో. యాదగిరి అన్న ఇప్పుడు రావిర్యాలలో పనిచేస్తున్నాడు. అయినా వచ్చాడు. స్రవంతి ఉద్యోగం నుంచి ఫోనులో ఆడింది. ఒక మంత్రానికి రెండు మలుపులు వేయొచ్చా కూడదా అని మమత నాతో గంటసేపు వాదించింది, గల్లీ అంతా వినబడేలా. ఇది నచ్చనివాళ్ళు వచ్చే ఆదివారం వేరే తొవ్వన పోవచ్చు.

టీచర్‌ను నేను చివరిసారి చూసింది మంగళవారం పొద్దున, దవాఖానాలో. ముక్కూ నోరూ కలిపి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మాట్లాడొద్దన్నారు. నేను వెళ్ళేసరికి, మంచం కాళ్ళ దగ్గర తగిలించి ఉండాల్సిన చార్టు ఆమె ఒళ్ళో ఉంది. ఎన్ని నీళ్ళు తాగారు, ఎంత సెలైను ఎక్కింది అని నర్సు గంటగంటకూ రాసే కాగితం.

"అది ముట్టొద్దమ్మా, ఇటియ్యి" అంటూ నర్సు వచ్చింది. టీచర్ ఇవ్వలేదు. కింద వేసిన మొత్తం మీద వేలితో రెండుసార్లు తట్టారు. నర్సు వంగి, గొణుగుతూ కూడింది. మళ్ళీ కూడింది.

"అవ్ గదా, వంద తక్కువేసిన" అంది.

టీచర్ చెయ్యి చాచారు. నర్సు జేబులోంచి పెన్ను తీసి ఆ చేతిలో పెట్టింది. సూది గుచ్చిన చెయ్యి. నెమ్మదిగా తప్పు అంకె కొట్టేసి, పక్కన సరైనది వేసి, పొట్టి సంతకం పెట్టారు. అయినా కాగితం వదల్లేదు. వెనక్కి తిప్పి, ముందురోజు లెక్క అందుకున్నారు. నేను స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఒక్కో అంకెకు మాస్కు లోపల ఆవిరి పట్టి, మళ్ళీ విడిపోతోంది.